యురేనస్ నల్ల ఉంగరాలు

పిల్లలూ!

పోయిన నెల శనిగ్రహం వలయాలను గురించి చెప్పుకున్నాం గదా. అది చదివి మీలో కొందరు, "ఉంగరాలు శనికేనా, మిగతా గ్రహాలకు లేవా?" అని అడిగారు. ఉన్నాయి. గురుగ్రహానికి ఉన్నాయి, యురేనస్‌కు ఉన్నాయి, నెప్ట్యూన్‌కు ఉన్నాయి. కాని నేను బడిలో చదువుకునే రోజుల్లో మా పుస్తకంలో ఒక్క శనికే ఉంగరాలుండేవి. పరీక్షలో "వలయాలు గల గ్రహమేది?" అని అడిగితే "శని" అని రాసి ఒక మార్కు తెచ్చుకునేవాళ్ళం. ఆ ఒక్క మార్కు ప్రశ్నను పాడుచేసినది యురేనస్. ఎలా పాడుచేసిందో ఈ నెల చెబుతాను.

ముందు యురేనస్‌ను గురించి నాలుగు మాటలు. మీ నాయనమ్మగారు గుడిలో ప్రదక్షిణం చేసే నవగ్రహాలలో ఇది లేదు. ఆ తొమ్మిదింటిని లెక్కపెట్టిన పెద్దలకు శని తరువాత మరో గ్రహం ఉన్నదని తెలియదు. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ అనే ఆయన తన ఇంటి పెరట్లో, తానే తయారుచేసుకున్న టెలిస్కోపుతో దీనిని చూశాడు. ఇది సూర్యుడికి మనకన్న 19 రెట్లు దూరంలో ఉన్నది. సూర్యుడి వెలుతురు మనను చేరడానికి 8 నిమిషాలు పడితే, యురేనస్‌ను చేరడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి దానికి 84 ఏళ్ళు కావాలి. అంటే ఒక మనిషి నిండు జీవితం దానికి ఒక సంవత్సరం! అడ్డుకొలత భూమికి నాలుగింతలు. లోపల నీరు, అమోనియా, మీథేను విశేషంగా ఉండడం చేత దీనిని, నెప్ట్యూన్‌ను "మంచు దిగ్గజాలు" అంటున్నారు. ఆ మాట విని హిమాలయాల్లాగా గట్టి మంచుగడ్డ అనుకోకండి. అక్కడి వేడికి, ఒత్తిడికి లోపలి పదార్థం చిక్కని ద్రవంలాగా ఉంటుంది.

ఇక ఉంగరాల సంగతి. హెర్షెల్ 1781లో గ్రహాన్ని చూసినది మొదలు 1977 దాకా, అంటే దాదాపు రెండువందల ఏళ్ళు, ఎందరో ఎన్నో టెలిస్కోపులతో యురేనస్‌ను చూశారు. ఒక సందర్భంలో హెర్షెల్ తనకు ఉంగరంలాంటిదేదో అనుమానం కలిగిందని రాసుకున్నాడు గాని, అప్పటి టెలిస్కోపులకు ఆ ఉంగరాలు కనిపించే వీలులేదని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మరి 1977లో ఎలా కనిపించాయి? చెబితే నవ్వుతారేమో, అప్పుడు కూడా కనిపించలేదు! ఒక్కరి కంటా పడకుండానే ఉన్నాయని రుజువైంది. ఈ కథలో నాకు బాగా నచ్చినది ఇదే.

మీరు రాత్రివేళ రైలులో పోతున్నారనుకోండి. కిటికీలోంచి చాలా దూరాన, ఏ కొండమీదనో, ఒక దీపం కనిపిస్తున్నది. బయటంతా చీకటి. దీపం తప్ప మరేమీ కనిపించదు. ఉన్నట్టుండి ఆ దీపం మాయమై, రెండు సెకండ్ల తరువాత మళ్ళీ కనిపించింది. ఏమయిందంటారు? రైలుకట్ట పక్కన ఏదో గోడ అడ్డం వచ్చింది. గోడ మీకు కనిపించలేదు. అయినా అది ఉన్నదని మీకు తెలిసిపోయింది. అంతేకాదు, రైలు సెకండుకు 10 మీటర్ల చొప్పున పోతున్నదని తెలిస్తే, ఆ గోడ 20 మీటర్ల పొడవున్నదని కూడా చెప్పేయవచ్చు! దీపం పూర్తిగా ఆరిపోక కాస్త మసకబారిందంటే, అడ్డం వచ్చినది గోడ కాదు, సందులున్న కంచె అన్నమాట.

ఇందులో దీపానికి బదులు ఒక నక్షత్రాన్ని, రైలుకు బదులు మన భూమిని పెట్టుకోండి. గ్రహాలు ఆకాశంలో కదిలిపోతూ ఒక్కొక్కప్పుడు ఏదో ఒక నక్షత్రానికి అడ్డం వస్తాయి. 1977 మార్చి 10న యురేనస్ తులారాశిలోని ఒక చిన్న నక్షత్రాన్ని కప్పుతుందని, గ్రీనిచ్ వేధశాలకు చెందిన గోర్డన్ టేలర్ 1973లోనే లెక్కగట్టి చెప్పాడు. ఆ నక్షత్రం మామూలు కంటికి ఆనేది కాదు, దానికి పేరు కూడా లేదు, పట్టికలో ఒక నంబరు మాత్రం ఉన్నది. అయినా శాస్త్రజ్ఞులు సంబరపడ్డారు. నక్షత్రం ఎంతసేపు మాయమవుతుందో కొలిస్తే యురేనస్ అడ్డుకొలత కచ్చితంగా తేలుతుంది. మాయమయ్యే ముందు ఎలా మసకబారుతుందో చూస్తే దాని గాలిపొరల సంగతి తెలుస్తుంది. వాళ్ళ ఆశ అంతవరకే. ఉంగరాలను వెతకాలని ఎవరూ బయలుదేరలేదు.

ఈ గ్రహణం బాగా కనిపించే చోటు హిందూ మహాసముద్రపు దక్షిణ భాగం. సముద్రం మధ్య వేధశాల ఎక్కడిది? అందుచేత అమెరికా శాస్త్రజ్ఞులు జేమ్స్ ఎలియట్, ఎడ్వర్డ్ డన్‌హామ్, డగ్లస్ మింక్ అనేవారు ఒక విమానంలోనే పోయారు. దానికి కైపర్ వేధశాల అని పేరు. విమానం పక్కభాగంలో పెద్ద రంధ్రం చేసి, అందులో 91 సెంటీమీటర్ల అద్దం గల టెలిస్కోపును బిగించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి ఎగిరి మేఘాలకు పైన సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున వాళ్ళు కాచుకు కూర్చున్నారు. నక్షత్రం కాంతిని ఒక పరికరం కొలుస్తూ ఉంటే, కలం ఒకటి కదిలే కాగితం మీద గీత గీస్తూ ఉంటుంది. కాంతి తగ్గితే గీత కిందికి దిగుతుంది.

గ్రహణం సరిగ్గా ఎప్పుడు మొదలవుతుందో లెక్కలో కొంచెం అనుమానం ఉన్నది. అందుచేత వాళ్ళు అరగంటకు పైగా ముందే పరికరాన్ని నడపడం మొదలుపెట్టారు. బడి గంట కొట్టేదాకా రానివాళ్ళు ఈ సంగతి గమనించండి! గ్రహం ఇంకా ఎంతో దూరాన ఉండగానే కాగితం మీది గీత గభాలున కిందికి దిగి, ఏడెనిమిది సెకండ్ల తరువాత మళ్ళీ పైకి లేచింది. మేఘమా? అంత ఎత్తున మేఘాలు లేవు. పరికరం చెడిందా? చెడలేదు. కాసేపటికి ఇంకొకసారి దిగింది, ఈసారి ఒక్క సెకండు మాత్రమే. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. మొత్తం అయిదుసార్లు. ఆ తరువాత గ్రహం వచ్చి నక్షత్రాన్ని కప్పింది, కాసేపటికి వదిలింది. గ్రహం అవతలి పక్కన కూడా నక్షత్రం మళ్ళీ అలాగే మినుకుమన్నది.

ఏవో చిన్న చందమామలు అడ్డం వచ్చాయేమోనని మొదట వాళ్ళు అనుకున్నారు. కాని గ్రహానికి ఇటు పక్కన ఎంత దూరాన నక్షత్రం మినుకుమన్నదో, అటు పక్కన కూడా ఇంచుమించు అంతే దూరాన మినుకుమన్నది. ఒక చందమామ అయితే ఒక్క చోటనే అడ్డం వస్తుంది. అయిదు చందమామలు ఇటు, అయిదు చందమామలు అటు, జంటలు జంటలుగా సమాన దూరాలలో నిలబడి ఉండడం సాధ్యమా? గ్రహం చుట్టూ తిరిగి వచ్చే ఉంగరమైతేనే రెండు పక్కలా సరిపోతుంది. అలా ఉంగరాలు బయటపడ్డాయి.

ఆ రాత్రి మేలుకొని ఉన్నది ఆ విమానంలోని వాళ్ళు మాత్రమే కాదు. పెర్త్‌లోను, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లోను నేల మీది టెలిస్కోపులు చూస్తూనే ఉన్నాయి. మన దేశంలో, తమిళనాడులోని జవ్వాది కొండల మీద కావలూరు వేధశాలలో, ఒక మీటరు అద్దం గల టెలిస్కోపుతో జె. సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి గారలు అదే నక్షత్రాన్ని చూశారు. వాళ్ళకు కూడా నక్షత్రం కొన్ని సెకండ్లపాటు మసకబారింది. యురేనస్‌కు కొత్త ఉపగ్రహం ఒకటి ఉన్నదని వాళ్ళు ఆ ఏడే "నేచర్" పత్రికలో ప్రకటించారు. ఒక్క పక్కన ఒక్క మసకను చూసినప్పుడు మొదట తోచేది అదే. అన్ని చోట్ల కొలతలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, వాళ్ళ నక్షత్రాన్ని కప్పినది అన్నిటికన్న వెడల్పైన ఉంగరమని తేలింది. కావలూరు వేధశాలను నెలకొల్పిన వైను బప్పు గారు మన హైదరాబాదులో పెరిగి నిజాం కాలేజీలో చదువుకున్నారు. వారి తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. కావలూరు వేధశాలకు ఇప్పుడు వైను బప్పుగారి పేరే పెట్టారు.

ఇప్పుడు మనం ఒక చిన్న లెక్క చేద్దాం. ఆ రాత్రి నక్షత్రం ముందు నుంచి యురేనస్ సెకండుకు సుమారు 12 కిలోమీటర్ల చొప్పున జరిగిపోతున్నట్టు కనిపించింది. నక్షత్రం ఒక్క సెకండు మసకబారితే, ఆ ఉంగరం వెడల్పు ఎంత? సుమారు 12 కిలోమీటర్లు. ఎనిమిది సెకండ్లు మసకబారితే? 96 కిలోమీటర్లు. ఉంగరం మన చూపుకు ఏటవాలుగా ఉంటుంది గనక అసలు లెక్కలో ఇంకా సవరణలుంటాయి. అయినా, కంటికి కనిపించనిదాని వెడల్పును కాగితం, పెన్సిలుతో కొలిచాం, చూశారా!

వెడల్పు 12 కిలోమీటర్లంటే పల్లెనుంచి పక్క ఊరి సంతకు పోయే దూరం. అంత సన్నని ఉంగరం ఎంత పెద్ద గ్రహం చుట్టూ ఉన్నదో తెలియాలంటే పెరట్లో ఒక బొమ్మ గీద్దాం. పెద్దవాళ్ళెవరైనా ఇది చదివి వినిపిస్తూ ఉంటే, కాస్త సుద్దముక్క, కొలతబద్ద, దారం సిద్ధం చేసుకోవలసిందని మనవి. వెయ్యి కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీయాలి. మధ్యన ఒక మేకు పాతి, దారంతో 25 సెంటీమీటర్లన్నర వ్యాసార్ధం గల చక్రం గీయండి. అది యురేనస్, ఒక పెద్ద కాగంత ఉంటుంది. 1977, 78లలో కనిపెట్టిన ఉంగరాలు తొమ్మిది. వాటిలో అన్నిటికన్న లోపలిది మేకు నుంచి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అన్నిటికన్న బయటిది 51 సెంటీమీటర్ల దూరంలో. అంటే తొమ్మిది ఉంగరాలూ తొమ్మిది సెంటీమీటర్ల మేరలో ఉన్నాయి. ఇక గీయండి చూద్దాం!

గీయలేరు. సుద్దముక్కతో ఎంత సన్నగా గీసినా గీత అయిదు మిల్లీమీటర్లుంటుంది. మన బొమ్మలో అది 500 కిలోమీటర్లు! అసలు ఉంగరాలలో చాలావాటి వెడల్పు పన్నెండు కిలోమీటర్లకు మించదు, కొన్ని రెండు మూడు కిలోమీటర్లు కూడా ఉండవు. మన బొమ్మలో వాటిని చూపించాలంటే సుద్ద పనికిరాదు. మీ అక్కయ్య దువ్వెన నుంచి వెంట్రుకలు తెచ్చి చుట్టూ పరచాలి. అన్నిటికన్న బయటి ఉంగరం ఒక్కటి కొంచెం లావు. అది ఒక పక్కన 20 కిలోమీటర్లు, ఎదుటి పక్కన 96 కిలోమీటర్లు వెడల్పు. అంటే ఒక పక్కన కుట్టుదారం, ఇంకో పక్కన పురికొస. ఇదే కొలతతో శని ముఖ్య వలయాలను గీస్తే అవి 62 సెంటీమీటర్ల వెడల్పున చాప పరచినట్టుంటాయి. మందం సంగతి ఇంకా విచిత్రం. యురేనస్ ఉంగరాల మందం 150 మీటర్లకు మించదు. మన బొమ్మలో అంత మందం కావాలంటే వెంట్రుకను నిలువునా యాభై చీలికలు చేయాలి. ఆ పని ఏ కత్తికీ సాధ్యం కాదు.

ఆ బయటి ఉంగరం గుండ్రంగా కూడా లేదు. గ్రహం నుంచి ఒక పక్కన దగ్గరగా, ఇంకో పక్కన సుమారు 800 కిలోమీటర్లు ఎక్కువ దూరంగా ఉంటుంది. దూరంగా ఉన్నచోట వెడల్పు, దగ్గరగా ఉన్నచోట సన్నం. ఇది కూడా 1977 నాటి కాగితం గీత వల్లనే తెలిసింది. నక్షత్రం గ్రహానికి ఇటు మినుకుమన్న సమయానికీ అటు మినుకుమన్న సమయానికీ ఈ ఒక్క ఉంగరం విషయంలోనే సరిగ్గా కుదరలేదు. ఆ తేడాను కొలతలో పొరపాటని కొట్టిపారేయకుండా, దానిలోనే ఉంగరం ఆకారాన్ని చదువుకున్నారు.

ఉంగరాలు ఇంత సన్నగా ఉన్నా తెల్లగా మెరుస్తూ ఉంటే ఎప్పుడో కనిపించేవి. ఇవి నలుపు. శని వలయాలను సున్నం కొట్టిన గోడ అనుకుంటే, ఇవి రాక్షసిబొగ్గు. నూరు పాళ్ళ వెలుతురు పడితే నాలుగైదు పాళ్ళకు మించి తిరిగి రాదు. అసలే అక్కడ సూర్యకాంతి మనకన్న 360 రెట్లు తక్కువ. అందులో నల్లవి, పక్కన మెరిసే గ్రహం. కరెంటుపోయిన రాత్రి నల్లపిల్లిని వెతికినట్టే.

ఎందుకు నల్లబడ్డాయి? శాస్త్రజ్ఞులు ఇలా అనుకుంటున్నారు. ఆ రాళ్ళలో మంచుతోపాటు మీథేనులాంటి పదార్థాలు కొన్ని ఉండి ఉంటాయి. యురేనస్ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరుగుతున్న విద్యుత్కణాలు వాటిని కోట్ల సంవత్సరాలుగా కొట్టి కొట్టి, హైడ్రోజన్ పోయి కార్బన్ మిగిలేటట్టు చేశాయి. తెల్లని పంచదారను గరిటెలో పెట్టి పొయ్యిమీద మాడిస్తే నల్లని బొగ్గు మిగులుతుంది చూడండి, అలాంటిదే. కాకపోతే అక్కడ పొయ్యి లేదు. 2019లో ప్రకటించిన కొలతల ప్రకారం ఆ ఉంగరాల ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. అంత చలికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ కూడా నీళ్ళలాగా మారిపోతుంది.

యురేనస్ దగ్గరకు ఇంతవరకు ఒక్కటే నౌక పోయింది. 1986 జనవరి 24న అమెరికా వారి వాయేజర్-2 దాని పక్కనుంచి దూసుకుపోతూ ఫోటోలు తీసింది. వీటిలో ఏమున్నదో అప్పుడు బాగా తెలిసింది. ఉంగరం అంటే పొద్దస్తమానం ఒకదాని వెంట ఒకటి తిరిగే రాళ్ళ గుంపు. వాటిలో చాలావరకు గుమ్మడికాయంత నుంచి కొబ్బరిచెట్టంత దాకా ఉన్న రాళ్ళే. దుమ్ము బహు తక్కువ. శాస్త్రజ్ఞులకు ఇది వింతగా తోచింది. రాయీ రాయీ కొట్టుకుంటే పిండి రాలాలి గదా? రాలుతుంది. అయితే యురేనస్ పైగాలి, పలచని హైడ్రోజన్, ఉంగరాల దాకా వ్యాపించి ఉన్నది. ఆ గాలి దుమ్మును ఆపి, నెమ్మదిగా గ్రహంలోకి రాలుస్తున్నది.

ఉన్న కాస్త దుమ్మును వాయేజర్ ఒక ఉపాయంతో పట్టింది. పెంకుటింట్లో సందులోంచి ఎండ పడితే, ఆ వెలుగుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు గాలిలో తేలే దుమ్ము బంగారుపొడిలా మెరుస్తుంది. వెలుగును వీపు వెనక పెట్టుకుని చూస్తే కనిపించదు. వాయేజర్ కూడా గ్రహాన్ని దాటిపోయిన తరువాత వెనక్కు తిరిగి, సూర్యుడికి ఎదురుగా చూస్తూ, 96 సెకండ్లపాటు కెమేరా కన్ను తెరిచి ఒక ఫోటో తీసింది. అంతకు ముందు ఖాళీ అనుకున్న చోట్లలో సన్నసన్నని దుమ్ము చారలు ఎన్నో ఆ ఫోటోలో పడ్డాయి.

ఇక ఒక పెద్ద చిక్కు ప్రశ్న. రాళ్ళు ఒకదానికొకటి తగులుతూ ఉంటే గుంపు అటూ ఇటూ చెదిరి పోవాలి. నేల మీద పోసిన గింజలు కాళ్ళకు తగిలి చెదిరినట్టే ఉంగరం రానురాను వెడల్పై, పలచబడి, చివరకు కనిపించకుండా పోవాలి. మరి ఇవి వెంట్రుకలాగా ఎలా నిలిచాయి? 1979లో పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రెమైన్ అనే ఇద్దరు దీనికి ఒక సమాధానం ఊహించారు. ఉంగరానికి లోపల ఒక చిన్న చందమామ, బయట ఒక చిన్న చందమామ ఉండి, రాళ్ళను మంద దాటిపోకుండా కాస్తూ ఉండాలన్నారు. గొర్రెల మందకు అటొకరు ఇటొకరు కాపరులు నడిచినట్టు.

ఇది పనిచేసే తీరు మొదట తలకిందులుగా తోస్తుంది, కాస్త నిదానంగా చదవండి. గ్రహానికి దగ్గరగా తిరిగేది వేగంగా తిరుగుతుంది, దూరంగా తిరిగేది నెమ్మదిగా తిరుగుతుంది. తిరిగే వస్తువును ముందుకు తోస్తే అది గ్రహానికి దూరంగా, పై దారికి పోతుంది. వెనక్కు లాగితే కింది దారికి దిగుతుంది. లోపలి చందమామ రాళ్ళకన్న వేగంగా పోతూ, మొత్తం మీద వాటిని ముందుకు తోస్తుంది, అందుచేత లోపలికి జారబోయిన రాళ్ళు బయటికి పోతాయి. బయటి చందమామ నెమ్మదిగా పోతూ రాళ్ళను వెనక్కు లాగుతుంది, అందుచేత బయటికి పోబోయిన రాళ్ళు లోపలికి వస్తాయి. రెండు పక్కలా తోపుడే, రాళ్ళు మధ్యన ఇరుక్కుంటాయి.

వాయేజర్ పోయి చూసేసరికి ఆ బయటి ఉంగరానికి అటూ ఇటూ నిజంగానే రెండు చందమామలున్నాయి! ఏడేళ్ళ ముందు కాగితం మీద ఉన్న కాపరులు కెమేరాకు చిక్కారు. లోపలిదానికి కార్డీలియా, బయటిదానికి ఒఫీలియా అని పేర్లు పెట్టారు. ఇవి షేక్‌స్పియర్ నాటకాలలో ఆడపిల్లల పేర్లు. ఒక్కొక్కటి నలభై కిలోమీటర్ల పైచిలుకు. కార్డీలియా గ్రహాన్ని 8 గంటలలో చుట్టివస్తే, ఒఫీలియా 9 గంటలు తీసుకుంటుంది, మధ్యనున్న రాళ్ళకు ఎనిమిదిన్నర గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అంతవరకు బాగానే ఉన్నది గాని, మిగతా ఉంగరాలలో చాలావాటికి కాపరుల జంట ఇంతవరకు కనిపించలేదు. అవెలా నిలిచాయన్నది ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా ముందు ముందు తేల్చవచ్చు.

ఉంగరాల పేర్లను గురించి కూడా ఒక మాట. హాజరుపట్టీ రాసి రాసి అలవాటైన నాబోటివాడికి ఈ పట్టీ చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎలియట్ గారి జట్టు తాము కనిపెట్టినవాటికి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని గ్రీకు అక్షరాలు పెట్టారు. పెర్త్‌లో చూసినవాళ్ళు తమ లెక్కకు అంకెలు వేసుకున్నారు. చివరకు రెండూ కలిసిపోయాయి. గ్రహం పక్కనుంచి లెక్కపెడితే 6, 5, 4, ఆల్ఫా, బీటా, ఈటా, గామా, డెల్టా, ఎప్సిలాన్. ఆరు తరువాత అయిదు, అయిదు తరువాత నాలుగు, ఆ తరువాత ఆల్ఫా! ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు. మనం లావు ఉంగరమని చెప్పుకున్నది ఎప్సిలాన్. తరువాత వాయేజర్ మరి రెండింటిని, 2003 నుంచి 2005 వరకు తీసిన ఫోటోలలో హబుల్ టెలిస్కోపు ఇంకో రెండింటిని చూపించాయి. ఇప్పుడు మొత్తం పదమూడు.

హబుల్ చూపించిన రెండూ మిగతావాటిలాంటివి కావు. చాలా దూరాన ఉన్నాయి. మన పెరటి బొమ్మలో ఒకటి మేకు నుంచి 67 సెంటీమీటర్ల దూరాన నాలుగు సెంటీమీటర్ల వెడల్పున, రెండోది దాదాపు 98 సెంటీమీటర్ల దూరాన పదిహేడు సెంటీమీటర్ల వెడల్పున ఉంటాయి. వీటికి మాత్రం సుద్దపొడి చల్లితే సరిపోతుంది, ఎందుకంటే ఇవి నిజంగానే ఒట్టి పొడి. లోపలిది కొంచెం ఎరుపు, బయటిది నీలం. బయటిదాని నడిమధ్యన మాబ్ అనే బుల్లి చందమామ తిరుగుతున్నది. శనికి కూడా ఇలాంటి నీలి వలయం ఒకటి ఉన్నది. దానికి ఎన్‌సెలాడస్ అనే చందమామ మీది ఊటలు మంచుపొడిని చిమ్ముతూ ఉంటాయి. మాబ్ మరీ చిన్నది, దానిలో ఊటలుండే అవకాశం లేదు. బహుశా చిన్న చిన్న ఉల్కలు తగిలి దానిమీది పొడి లేస్తున్నదేమో.

యురేనస్‌కు ఇంకొక వింత ఉన్నది. శని ఉంగరాలు తిరగలిరాయిలా పరుచుకుని ఉంటే, యురేనస్ ఉంగరాలు బండిచక్రంలా నిలువుగా ఉంటాయి. గ్రహమే పక్కకు ఒరిగి దొర్లుతున్నది, ఉంగరాలు దాని నడుముకు ఉన్నాయి గనక అవి కూడా ఒరిగాయి. అందుచేత 84 ఏళ్ళలో రెండుసార్లు చక్రం మనకు ఎదురుగా కనిపిస్తుంది, రెండుసార్లు అంచు మాత్రం కనిపిస్తుంది. 2007లో అంచు మనవైపు తిరిగింది. రాళ్ళ ఉంగరాలు ఇంచుమించు మాయమై, దుమ్ము ఉంగరాలు మాత్రం ఎక్కువ కాంతిగా కనిపించాయి. ఉంగరాలున్నాయని తెలిసిన తరువాత ఈ దృశ్యం చూడడం అదే మొదటిసారి, ఎందుకంటే అంతకు ముందు అంచు మనవైపు తిరిగిన 1960లలో వాటి సంగతే ఎవరికీ తెలియదు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతితో తీసిన ఫోటోలో చక్రం దాదాపు ఎదురుగా ఉన్నది. నల్లని ఉంగరాలు తెల్లని గాజుల్లా కనిపిస్తాయి. ఆ ఫోటో ఎక్కడైనా కనిపిస్తే తప్పక చూడండి, కాని ఆ తెలుపు కంటికి కనిపించే తెలుపు కాదని గుర్తుంచుకోండి.

ఇన్ని కొత్త టెలిస్కోపులు వచ్చినా 1977 నాటి పాత ఉపాయాన్ని వదలలేదు. 2025 ఏప్రిల్ 7న యురేనస్ మరో నక్షత్రాన్ని కప్పినప్పుడు, ఉత్తర అమెరికాలో పద్దెనిమిది వేధశాలలు ఒక్కసారే కాచుకుని కూర్చుని అది మినుకుమనడాన్ని కొలిచాయి.

యురేనస్‌ను మీరు కూడా చూడవచ్చు. 2026లో అది వృషభరాశిలో, కృత్తికలకూ రోహిణికీ నడుమ ఉన్నది. నవంబరు, డిసెంబరు నెలల్లో అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటుంది. చందమామ లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా మేడమీదనో పొలంలోనో పడుకుని, చేతి దుర్భిణితో కృత్తికల నుంచి రోహిణివైపు నెమ్మదిగా వెతకండి. మంచి నక్షత్రపటం దగ్గర పెట్టుకుంటే తప్పిపోదు. మిగతా చుక్కల్లా మినుకు మినుకుమనకుండా, నీలం ఆకుపచ్చ కలిసిన చిన్న చుక్క కనిపిస్తే అదే. ఉంగరాలు మాత్రం కనిపించవు. ఆ చుక్కకు అటూ ఇటూ ఉన్న చీకట్లో అవి ఎక్కడున్నాయో పెరట్లో గీసిన బొమ్మను తలుచుకుని మీ తమ్ముడికి, చెల్లెలికి చెప్పండి. వచ్చే నెల నెప్ట్యూన్ ఉంగరాలను గురించి చెప్పుకుందాం. వాటిలో ఒకటి చుట్టూ సమంగా ఉండక ముక్కలు ముక్కలుగా గట్టిపడి ఉంటుంది.